‘త్రయస్థితికం’ అంటే మూడు జతలా?

హనుమకొండ, పోటీ పరీక్షల విద్యార్థి: సార్, ఒక నోట్సుల “పసుపు త్రయస్థితికం, అంటే మూడు జతల క్రోమోజోములు” అని ఉన్నది. జత అంటే రెండే కదా, లెక్క కుదురుతలేదు.

బాటనీ లెక్చరర్: నీ అనుమానం కరెక్టే తమ్మీ. మూడు జతలంటే ఆరే. పసుపు కణంలో ఉండే క్రోమోజోములు 63. మూల సంఖ్య, అంటే ఒక సెట్టులో ఉండేవి, 21 అనుకుంటే అలాంటి సెట్లు మూడు. త్రయస్థితికం అంటే ఈ మూడు సెట్లే. (ఏడును మూలంగా తీసుకుని నవస్థితికం, అంటే తొమ్మిది సెట్లు, అనేవాళ్లూ ఉన్నారు.) వరిలో 24. దాన్ని 12 జతలన్నా, పన్నెండేసి చొప్పున రెండు సెట్లన్నా చెల్లుతుంది. అక్కడ చెల్లిందని మూడుకీ జతే అంటిస్తారు, తప్పు అట్ల పుడుతుంది.

క్షయకరణ విభజనలో, అంటే బీజకణాల కోసం క్రోమోజోముల సంఖ్య సగమయ్యే విభజనలో, రెండు జోడు కడితే మూడోది ఎటు పడితే అటు పోతుంది. బీజకణాల్లో సంఖ్య ఎక్కువతక్కువ అవుతుంది, గింజ పట్టడం కష్టం. పసుపుకు కొమ్ములే నాటేది అందుకే. గింజల్లేని పుచ్చ కూడా ఇంతే: 22 ఉన్న మొక్కను కోల్చిసిన్‌తో (క్రోమోజోములను రెట్టింపు చేసే మందు) 44 చేసి, మళ్లీ 22 ఉన్నదాని పుప్పొడి అద్దితే 33.

జగిత్యాల సభ్యుడు: ‘సెట్టు’ ఎందుకు సార్, ముప్పేట గొలుసు అంటలేమా? ‘ముప్పేట’ అందాం.

బాటనీ లెక్చరర్: మాట ముద్దుగనే ఉంది. కానీ డీఎన్ఏకు రెండు పేటలని ఇప్పటికే రాస్తున్నాం, పిల్లలు రెండూ కలిపేస్తారు. నా ఓటు సెట్టుకే.

వ్యవసాయ విద్యార్థిని: పత్తి సంగతి, సార్?

బాటనీ లెక్చరర్: వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు ఎక్కువగా వచ్చే అమెరికన్ పత్తి 52, అంటే పదమూడేసి చొప్పున నాలుగు సెట్లు. దేశీ పత్తి 26. రెండింటినీ సంకరం చేస్తే ఒక్కోదాని నుంచి సగం వస్తుంది, 26, 13 కలిసి 39. ఆ మొక్క గొడ్డు. కోల్చిసిన్‌తో 78 చేస్తే మళ్లీ కాయ పట్టే వీలుంటుంది.

వ్యవసాయ విద్యార్థిని: పసుపు వేరు కొన స్లైడులో 63 లెక్కకు వస్తలేవు. అన్నీ కుప్పగా ఉంటున్నయి.

బాటనీ లెక్చరర్: ముందస్తు ట్రీట్‌మెంట్ తప్పిందమ్మా. ఒక సెంటీమీటరు కొత్త వేర్లను 0.002 మోలార్ 8-హైడ్రాక్సీక్వినోలిన్‌లో (క్రోమోజోములు విడివిడిగా కనిపించేలా చేసే రసాయనం) మూడు నాలుగు గంటలు చల్లగా ఉంచు. మన మే ఎండల్ల బల్ల మీద పెడితే పాడు. తర్వాత మూడు పాళ్లు ఆల్కహాలు, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం కలిపినదాంట్లో ఒక రోజు. 60 డిగ్రీల దగ్గర 1N (నార్మల్) గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఎనిమిది నిమిషాలు చాలు, మించితే రంగు పట్టదు. కొన ఒక మిల్లీమీటరే తీసుకుని ఎసిటోకార్మిన్ రంగు వేసి, కవర్‌స్లిప్ జరగకుండా బొటనవేలితో నిలువుగా నొక్కు. పసుపువి మరీ చిన్నవి, ఒక్క కణం చూసి 63 రాసెయ్యకు. కనీసం పది కణాలు లెక్కపెట్టు.