నిలిపెనా, నిలిచెనా? ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయాను

హోమర్ గ్రీకు కావ్యం ఇలియడ్ రెండో సర్గలో, ట్రాయ్ యుద్ధానికి ఏ ఊరు ఎన్ని ఓడలు తెచ్చిందో చెప్పే పట్టికను మా నాన్నగారు తేటగీతుల్లో రాసుకున్న నోటుపుస్తకం దొరికింది. సలామిస్ దీవి నుంచి వీరుడు అయాస్ 12 ఓడలు తెచ్చి ఏథెన్సు సేన పక్కన నిలిపే చోట ఈ పాదం ఉంది: "దండు నిలిచిన చోటనే తాను నిలి–". చివరి అక్షరం మీద సిరా మరక. "పె" అయ్యుంటుందా, "చె"నా?

— "తాను" ఉంది కదండీ, "నిలిచె"నే. ఓడలకు తాను ఎందుకు?

— కాదు మాస్టారూ. గ్రీకు మూలంలో "స్తేసె" (నిలిపాడు) అని ప్రేరణార్థకం, ఆ వెనకే అదే ధాతువుతో "హిస్తాంతొ" (నిలిచి ఉన్నారు). నిలిచిన చోట నిలిపె! ఆ జంటను ఆయన వదులుకుని ఉండరు. ఛందస్సు సాక్ష్యం చెప్పదు, రెండూ న గణమే (మూడు లఘువులు).

— అసలు మూలంలో ఆ పాదమే ప్రక్షిప్తమని, అంటే తర్వాత ఎవరో చేర్చిందని పాత తగువు. సలామిస్ మాదంటే మాదని ఏథెన్సు, దాని పొరుగు నగరం మెగారా కొట్టుకున్నాయి. దాన్ని చేర్చింది ఏథెన్సు శాసనకర్త సోలోన్ అని కొందరు, అక్కడి నియంత పైసిస్ట్రాటస్ అని కొందరు అన్నట్టు గ్రీకు భూగోళకారుడు స్ట్రాబో రాశాడు. మెగారా వాళ్ళ పాఠంలో పోలిఖ్నే, నిసేయా లాంటి వాళ్ళ ఊళ్ళ పేర్లుంటాయి. పైగా 13వ సర్గలో అయాస్ ఓడలు ఏథెన్సు వాళ్ళ పక్కన కాక, ప్రొతెసిలావోస్ అనే ఇంకో వీరుడి ఓడల పక్కన కనిపిస్తాయి.

— ప్రక్షిప్తమైనా "నిలిపె"నే అంటాను. ఏథెన్సు మాట వచ్చింది కాబట్టి ఆ పైనున్న పంక్తులూ చూడండి. పక్కనున్న బొయోషియా ప్రాంతానికి 20కి పైగా ఊళ్ళ పేర్లు. ఏథెన్సు ఉన్న అట్టికా ప్రాంతం మొత్తానికి ఒక్క ఏథెన్సే, 50 ఓడలు. ఎలూసిస్ లేదు, మరథాన్ లేదు. ఏథెన్సు పురాణ రాజు థీసియస్ ఊరూరి సభల్ని ఎత్తేసి ఒకే సభ పెట్టాడని, జనం మాత్రం ఎవరి ఊళ్ళో వాళ్ళే ఉన్నారని గ్రీకు చరిత్రకారుడు థ్యూసిడిడీస్ చెప్పాడు. దాన్ని సినోయికిస్మోస్ అంటారు, "ఓయికోస్" అంటే ఇల్లు. నా లెక్కలో దీనికి తెలుగు "ఉమ్మడి కాపురం".

— కాపురమంటే ఒకే కప్పు కింద ఉండాలి తమ్ముడూ. ఇళ్ళు కదలలేదని నువ్వే అన్నావు. "ఏకసభ" అను.

— సోలోన్ పేరెత్తి దాటిపోతే ఎలా? సలామిస్ కోసం మళ్ళీ యుద్ధం మాటెత్తితే మరణశిక్ష అని ఏథెన్సు వాళ్ళు చట్టం చేసుకున్నారు. సోలోన్ పిచ్చివాడిలా నటించి, తలకు టోపీ పెట్టుకుని బజారులోకి ఉరికి, వంద పంక్తుల పాట చదివాడని జీవితచరిత్రల రచయిత ప్లూటార్క్ రాశాడు. మిగిలినవి కొన్ని పంక్తులే. తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

— మకుటం తగిలించి వేమన పద్యాలుగా చెలామణి అయినవి ఎన్ని లేవు! అతుకు పాదాన్నీ చదవాల్సిందే.

— పేజీని వెలుగుకి పట్టి చూశాను. ఎత్వం కొస కనిపిస్తోంది, కింద అక్షరం లేదు.

— అమ్మా, ఆయన "చె" ఎలా రాసేవారో ఇంకో పేజీ ఫొటో పెట్టండి.