అప్‌డేట్: అద్దానికి అతుక్కుపోయిన నాన్నగారి ఫోటో, కుడిచేతి పట్టీ సంగతి

ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన నాన్నగారి ఫోటోను ఎలా తీయాలని రెండు నెలల కిందట అడిగాను. ఆయన సైన్యంలో డాక్టరుగా ఉన్నప్పటి ఫోటో మా దగ్గర అదొక్కటే. రెడ్‌క్రాస్ పట్టీ కుడిచేతికి ఎందుకుందన్నది నా రెండో ప్రశ్న. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఫోటో ఊడలేదు. పాత ఫోటోలు భద్రపరిచే నిపుణురాలికి చూపించాను. పైపొరలో ఉండే జెలటిన్ తేమకు మెత్తబడి అద్దానికి పట్టేస్తుందట, లాగితే బొమ్మ అద్దం మీదే ఉండిపోతుందట. వేడిగాలి, నానబెట్టడం, దారంతో కోయడం అన్నీ వద్దన్నారు. (దారం అప్పటికే ఒక మూల ప్రయత్నించాను. గీత పడింది.) అద్దంతో సహా స్కాన్ చేయమన్న సలహాయే పనికొచ్చింది.

స్కాన్‌ను పెద్దది చేసి చూస్తే, పట్టీ మీది ముద్రలో అక్షరాలు తిరగబడి ఉన్నాయి. నెగటివ్‌ను తిరగేసి ప్రింటు వేశారన్నమాట! 1949 జెనీవా ఒప్పందం ప్రకారం సైనికాధికారుల ముద్ర ఉన్న ఆ పట్టీ ఎడమచేతికే ఉండాలి. కంప్యూటర్‌లో బొమ్మను తిప్పగానే అది ఎడమచేతికి చేరింది. ఆయన యూనిట్‌లో నియమం వేరేమో అంటూ మనం చేసిన చర్చంతా అనవసరమే.

పాపిడి కూడా రెండో వైపుకు మారింది. ఆ ఫోటోలో ఏదో తేడాగా ఉందని అమ్మ ఇన్నేళ్లుగా అంటుంటే మేం నవ్వేవాళ్లం. అసలు ఫోటోను అద్దంతోనే తేమ తగలని చోట పెట్టాను.