గిఫ్ట్ డీడ్‌లో షరతు రాయలేదు, పెద్దమ్మకి ఇక దారి లేదా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా పెద్దమ్మ వయసు 74. పెదనాన్న పోయాక 2018లో ఇల్లు మొత్తం కొడుకు పేరున గిఫ్ట్ డీడ్ చేసేసింది. "ఎలాగూ చూసుకునేది బాబే కదమ్మా, ఇప్పుడే రాసిచ్చేస్తే తర్వాత గొడవలుండవు" అని దస్తావేజు రాసినాయన చెప్పాడట. అందులో "ప్రేమాభిమానాలతో" అన్న మాట తప్ప ఇంకేమీ లేదు. ఇప్పుడు ఆవిడ మంచం మెట్ల కింద గదిలోకి చేరింది. ఫ్యామిలీ పెన్షన్ ఏటీఎం కార్డు అన్నయ్య దగ్గరే ఉంది. మొన్న "చెల్లి దగ్గరికి పోయి ఉండు" అన్నాడట. నేను నిలదీస్తే "డీడ్‌లో షరతు లేదు, ఎక్కడికెళ్లినా చెల్లదు" అంటున్నాడు. నిజమేనా? పెద్దమ్మ తరఫున నేను కేసు వేయొచ్చా?

జవాబు 1 (అడ్వకేట్):
సగం నిజం. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో సెక్షన్ 23 చూడండి. చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి, తీసుకున్నవాళ్లు చూసుకోకపోతే, ఆ బదిలీ చెల్లదని ట్రిబ్యునల్ ప్రకటించవచ్చు. షరతు ఉన్నట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరిలో ఇంకో తీర్పులో, ఇది వృద్ధుల మేలు కోసం వచ్చిన చట్టం కాబట్టి ఉదారంగా చూడాలని అంది. ఆ కేసులో కొడుకు విడిగా రాసిచ్చిన హామీ పత్రం తల్లికి అక్కరకొచ్చింది. కాబట్టి చూసుకుంటానని అన్నయ్య అప్పట్లో పంపిన మెసేజ్‌లు, ఆ మాట విన్న సాక్షులు, ఏది ఉన్నా దాచిపెట్టండి. కాకపోతే డీడ్ రద్దవుతుందని మాత్రం ఇప్పుడే ఆవిడకి మాటివ్వొద్దు.

జవాబు 2 (ఆర్డీవో ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను):
అమ్మా, డీడ్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. డీడ్‌లో ఏమున్నా లేకపోయినా, తన రాబడితో, ఆస్తితో గడవని తల్లిని కొడుకు పోషించాల్సిందే. ఈ చట్టంలో పోషణ అంటే తిండి, బట్ట, ఉండే చోటు, వైద్యం. నెలకు 10,000 దాకా ఇప్పించవచ్చు. ట్రిబ్యునల్ అంటే మన దగ్గర ఆర్డీవోయే. అర్జీ పెద్దమ్మ పేరునే ఉండాలి. ఆవిడ పెట్టుకోలేని స్థితిలో ఉంటే, ఆవిడ అధికారం ఇచ్చినవాళ్లు పెట్టవచ్చు. లాయర్ అవసరం లేదు. నోటీసు అందాక 90 రోజుల్లో తేల్చాలి, మరీ అవసరమైతే ఇంకో 30 రోజులు.

కానీ అర్జీ రాసే ముందు పెద్దమ్మతో ఒంటరిగా కూర్చోండి. మీ అన్నయ్యే కాదు, ఆవిడ కూతురు కూడా ఉండకూడదు. ఎందుకంటే విచారణకి పెద్దవాళ్లని వెంటబెట్టుకొచ్చి, మాట్లాడేదంతా చుట్టాలే మాట్లాడతారు. ఇల్లు వెనక్కి కావాలని అర్జీలో ఉంటుంది. "మీకేం కావాలమ్మా?" అని సారు అడిగితే, ఆవిడ కొడుకు వైపు చూసి "ఏం వద్దు బాబూ, వాడు నాతో మాట్లాడితే చాలు" అంటుంది. అక్కడితో అర్జీ చచ్చిపోతుంది. ఒకావిడ అయితే ఇల్లూ అడగలేదు, డబ్బూ అడగలేదు. తన గదికి గడియ లోపలి వైపు పెట్టించమంది. బయట ఉన్నది తీయించమంది. ఆ మాట అర్జీలో ఎక్కడా లేదు, ఎందుకంటే రాసినవాళ్లెవరూ ఆవిడని అడగలేదు. సలహా ఇచ్చేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇదే: మీ కోపాన్ని ఆవిడ కోరికగా రాయకండి. డీడ్ రద్దు కోరాలా వద్దా అన్నది చట్టం కూడా రాసిచ్చిన మనిషి ఇష్టానికే వదిలింది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మీరన్నట్టే ఒంటరిగా అడిగాను. ఇల్లు వద్దట. కార్డు తన చేతిలో ఉండాలి, తన పాత గది తనకివ్వాలి, కూతురింటికి పంపొద్దు, అంతే. నాకు మాత్రం ఇల్లు వదిలేయడం అన్యాయంగానే ఉంది. ఇంత చిన్న విషయాలకి అర్జీ తీసుకుంటారా?

జవాబు 2 (మళ్లీ):
తీసుకుంటారు. ఉండే చోటు పోషణలో భాగమేనని చెప్పాను కదా. ముందు రాజీకి పంపే వీలు కూడా ఉంది, ఇలాంటి కోరికలు అక్కడే తేలిపోవచ్చు. రాజీ కాగితంలో "గది", "నెల ఖర్చు", "మందులు" విడివిడిగా రాయించండి. "బాగా చూసుకుంటాను" అన్న మాటకి ఒప్పుకోవద్దు, రేపు దాన్ని ఎవరూ కొలవలేరు. డీడ్ మీద నాకు ఏ హక్కూ లేదని ఆవిడ చేత ఎక్కడా సంతకం పెట్టించుకోనివ్వకండి. కార్డుకి ఆర్డీవో దాకా అక్కర్లేదు. పెద్దమ్మని బ్యాంకుకి తీసుకెళ్లి పాతది బ్లాక్ చేయించి, కొత్తది ఆవిడ చేతికే ఇప్పించండి. పిన్ మీకు కూడా చెప్పొద్దనండి. ఆలోపు అన్నయ్య బెదిరిస్తే 14567కి ఫోన్ చేయండి, అది వృద్ధుల హెల్ప్‌లైన్.