ప్రాజెక్టు నంబరు గడి దగ్గరే ఆగిపోయాను, రేపే ఆఖరు. ఆర్కిటిక్‌కి అప్లై చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

నీలిమంచు_22
ఐదు గంటలుగా ఇదే పని. గ్రాంటు అప్లికేషన్ అంతా నింపేశాను. సారాంశం, బడ్జెట్టు, గైడు గారి ఉత్తరం, అన్నీ అయిపోయాయి. ప్రాజెక్టు నంబరు గడి ఒక్కటే మిగిలింది. నంబరు కొట్టగానే గడి ఎర్రబడి ‘చెల్లదు’ అంటోంది. గీత తీసేసి కొట్టాను, ముందున్న అక్షరాలు తీసేసి కొట్టాను, బ్రౌజరు మార్చాను, పక్క గదిలో అమ్మాయి ల్యాప్‌టాప్‌లో కూడా చూశాను. గైడు గారు ఫీల్డులో ఉన్నారు, ఫోను తగలడం లేదు. రేపు ఒంటిగంటకి ఆఖరు. తెలిసినవాళ్ళుంటే దయచేసి చెప్పండి. ఈ వేసవి పోతే నా పీహెచ్‌డీకి ఇంకో వేసవి లేదు.

కొండవాగు
ఏ గ్రాంటు? ఏ దేశం? ఏ నంబరు?

వైజాగ్_కెరటం
బాబూ, ముందు కాస్త మంచినీళ్ళు తాగు. కంగారులో ఉన్న తప్పు కంటికి ఆనదు.

ఆర్కిటిక్ అన్నావు కాబట్టి గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రం వాళ్ళ ప్రకటనకి పెడుతున్నావనుకుంటున్నాను. అక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి. యాత్రలో చోటు దొరకడం వేరు, పరిశోధనకి డబ్బు దొరకడం వేరు. ఆర్కిటిక్‌లో మన పరిశోధన కేంద్రం హిమాద్రిలో బస, ప్రయాణం ఒక లెక్క. నీ పరికరాలు, రసాయనాలు, ఫెలోషిప్పు ఇంకో లెక్క. ప్రకటనలో ఏది ఎవరు భరిస్తారో రాసి ఉంటుంది, ఆ పేరా రెండుసార్లు చదువు.

2007 ఆగస్టులో మనవాళ్ళ తొలి బృందం అక్కడికి వెళ్ళింది. మరుసటి ఏడు జూలై 1న హిమాద్రి మొదలైంది. 2014లో ఆ పక్కనే ఉన్న కాంగ్స్‌ఫ్యోర్డెన్ అనే సముద్రపు పాయలో 192 మీటర్ల లోతున ఇండార్క్ పరికరాల గొలుసు దించినప్పుడు పేపర్లో వచ్చిన ఫొటో నేను కత్తిరించి దాచుకున్నాను. బంగాళాఖాతం మీద ఉద్యోగమంతా గడిపినవాణ్ణి. మన రుతుపవనాలకీ ఆ ఉత్తరపు మంచుకీ ఉన్న సంబంధాన్ని వెతకడానికి మన పరికరం అక్కడి నీళ్ళలో దిగిందంటే నాకు అది చిన్న విషయం కాదు. 2023 డిసెంబరు నుంచి చలికాలంలో కూడా మనవాళ్ళు అక్కడ ఉంటున్నారు. నువ్వు వెళ్ళాలి, తప్పకుండా వెళ్ళాలి. నంబరంటే మీ సంస్థ ఇచ్చిన ఫైలు నంబరే అయ్యుంటుంది. ఆఫీసులో ఒకసారి కనుక్కో.

కొండవాగు
ఫైలు నంబరని ఊహించి చెప్పకండి. గడువు రేపు.

నీలిమంచు_22
అంకుల్, బాబుని కాదండీ, అమ్మాయిని. నేనున్నది ఇండియాలో కాదు. నార్వేలో, ట్రోమ్సోలో పీహెచ్‌డీ, మూడో ఏడు. అది చెప్పాలని తట్టలేదు. పెడుతున్నది ఆర్కిటిక్ ఫీల్డ్ గ్రాంటుకి. అంశం శాశ్వత మంచు నేల పైన వేసవిలో కరిగే పొర, అందులో ఉష్ణోగ్రత, తేమ. కొడుతున్నది మా యూనివర్సిటీ ఇచ్చిన ప్రాజెక్టు నంబరే. రెండక్షరాలు, గీత, ఐదంకెలు. కాగితం ముందు పెట్టుకుని చూసి మరీ కొడుతున్నాను.

కొండవాగు
ఇదంతా మొదటి పోస్టులో ఉండాలి. ఒంటిగంట అంటే నార్వే ఒంటిగంటేనా?

నీలిమంచు_22
అవును, ఇక్కడి మధ్యాహ్నం ఒంటిగంట.

పదసంపద
ఒక చిన్న సవరణ. ‘శాశ్వత మంచు నేల’ అనే మాట రెండు విధాల తప్పు. వరుసగా కనీసం రెండేళ్ళపాటు సున్నా డిగ్రీలు దాటకుండా ఉన్న నేలని పెర్మాఫ్రాస్ట్ అంటారు. రెండేళ్ళు శాశ్వతం ఎలా అవుతుంది? పైగా నిర్వచనం ఉష్ణోగ్రతని బట్టే గాని మంచుని బట్టి కాదు. చుక్క నీరు లేని పొడి రాయి కూడా ఆ లెక్కలోకి వస్తుంది. ఇప్పుడు అది వేడెక్కుతోందని, కరుగుతోందని మనమే రాస్తున్నాం. కరిగేదాన్ని శాశ్వతం అని పిలిస్తే చదివే పిల్లవాడికి ఏం అర్థమవుతుంది?

వైజాగ్_కెరటం
సరేనమ్మా, ట్రోమ్సో అయితే నేను చెప్పిన దారి నీది కాదు. పదసంపద గారూ, పత్రికల్లో ఆ మాటే నలిగింది కదా. జనానికి అర్థమైన మాటని తీసేసి కొత్తది పెడితే వాళ్ళు మళ్ళీ మొదటికి వస్తారు.

పదసంపద
నలిగినంత మాత్రాన ఒప్పు కాదండీ. ‘చలినేల’ అనొచ్చు. ‘గడ్డనేల’ అనొచ్చు. వాడితే అవీ నలుగుతాయి.

ఉత్తరగాలి
నేను మూడేళ్ళ క్రితం ఇదే గ్రాంటుతో వెళ్ళాను. మీ గడి అడిగేది యూనివర్సిటీ నంబరు కాదు, రిస్ నంబరు. ‘రీసెర్చ్ ఇన్ స్వాల్‌బార్డ్’ అని ఒక పోర్టల్ ఉంది, దాన్నే అందరూ రిస్ అంటారు. స్వాల్‌బార్డ్ అంటే ఆర్కిటిక్‌లో నార్వే దీవులు, అక్కడ జరిగే పరిశోధనల నమోదు అంతా అందులోనే. అక్కడ ప్రాజెక్టు నమోదైతే ఒక నంబరు వస్తుంది, వట్టి అంకెలే ఉంటాయి. మీరు కొడుతున్నది ఆ నంబరు కాదు కాబట్టే, అక్షరాలు తీసేసినా గడి తోసేస్తోంది.

మీ గైడు గారికి రిస్‌లో ఇప్పటికే ప్రాజెక్టు ఉందేమో ముందు చూడండి. ఆయన పేరుతో వెతికితే కనబడుతుంది. ఉంటే దాని కిందే మీ ఫీల్డ్ పని చేర్చుకోవచ్చు. నేను అలాగే చేశాను. లేకపోతే మీరే నమోదు చేసుకోవాలి. శీర్షిక, సారాంశం, ఏ చోటు, ఏ తేదీలు, ఎంతమంది. ఈ రాత్రికే అయిపోయే పని.

చోటు ఎక్కడో ఇంకా చెప్పలేదు మీరు. దాన్నిబట్టి చాలా మారుతుంది. ఇంకోటి, రిస్‌లో నమోదైనంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. నేల తవ్వి సెన్సర్లు పాతుతారు కదా, దానికి స్వాల్‌బార్డ్ గవర్నరు అనుమతి విడిగా అడగాలి. ఆ దరఖాస్తు కూడా ఈ పోర్టల్ నుంచే పంపొచ్చు.

పాతపటం
అనుమతి అనే మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది. 1920 ఫిబ్రవరి 9న పారిస్‌లో స్పిట్స్‌బెర్గెన్ ఒప్పందం, అంటే ఈ స్వాల్‌బార్డ్ గురించిన ఒప్పందమే, జరిగింది. సంతకం చేసినవాళ్ళలో బ్రిటన్‌తో పాటు భారతదేశం పేరు కూడా ఉంది. 1925లో అమల్లోకి వచ్చింది. నేల మీద సార్వభౌమత్వం నార్వేది, కాని ఒప్పందంలో ఉన్న దేశాల పౌరులకి అక్కడ సమాన హక్కు. వందేళ్ళుగా మనకున్న హక్కు ఇది, మన స్కూలు పుస్తకాల్లో ఒక్క వాక్యం లేదు. వీసా కూడా అక్కర్లేదు. మన అమ్మాయి హక్కుతో వెళ్ళాలి. ఎవరినో బతిమాలి వెళ్ళడం ఏమిటి?

ఉత్తరగాలి
ఒప్పందం సంగతి నిజమే. కాని సమానం అంటే అందరికీ ఒకే నియమం అని, నియమం లేదని కాదు. 2001లో చేసిన పర్యావరణ చట్టం నార్వేవాళ్ళకీ మనకీ ఒకేలా వర్తిస్తుంది. ఇక వీసా. స్వాల్‌బార్డ్‌కి అక్కర్లేదు, కాని విమానం ఎక్కేది ఓస్లోలోనో ట్రోమ్సోలోనో. ఇండియా నుంచి వచ్చేవాళ్ళకి షెంగెన్ వీసా (నార్వేతో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చేది) కావాలి, అదీ రెండుసార్లు లోపలికి రానిచ్చేది. స్వాల్‌బార్డ్ షెంగెన్ బయట కాబట్టి తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ కొత్తగా అడుగుపెట్టినట్టే. ఒకసారికే తీసుకుని చిక్కుల్లో పడ్డవాళ్ళని చూశాను. ఈ అమ్మాయికి ఇక్కడి నివాస కార్డు ఉంటుంది, ఆ బెంగ లేదు.

పాతపటం
ఒకే నియమం అన్నది ఒప్పుకుంటాను. పరిశోధన సంగతి ఆ ఒప్పందంలో వివరంగా లేదు, తర్వాత ఒడంబడిక చేసుకుంటామని మాత్రం ఐదో అధికరణంలో ఉంది. వాదన అంతా అక్కడే మొదలవుతుంది. వేరే పోస్టులో రాస్తాను.

నీలిమంచు_22
రిస్!! గైడు గారు ఆ మాట ఒకసారి అన్నారు, ఏదో రిస్క్ ఫారం అనుకున్నాను. ఇప్పుడే తెరిచాను.

చోటు స్వాల్‌బార్డ్‌లోని పరిశోధకుల ఊరు నీ-ఓలెసుండ్ దగ్గర బాయెల్వా. ఊరికి మూడు కిలోమీటర్లు. పన్నెండు లాగర్లు (కొలతల్ని తమంతట తామే నమోదు చేసుకునే చిన్న పరికరాలు) నాలుగు లోతుల్లో పెడతాం. వారానికోసారి వెళ్ళి ఫోనులోకి డేటా దించుకోవడమే, కేబుల్ గొడవ లేకుండా బ్లూటూత్‌వి చూసి పెట్టుకున్నాను. బడ్జెట్టులో పెద్ద ఖర్చు అదే.

పదసంపద
‘నీ-ఓలెసుండ్’ అని సరిగ్గా రాశారు, సంతోషం. పత్రికల్లో అందరూ ‘న్యూ అలెసుండ్’ అంటారు. ఆ నెత్తిన సున్నా ఉన్న అక్షరం నార్వేలో ‘ఓ’.

తరంగం
నీలిమంచు గారూ, లాగర్లు ఇంకా కొనలేదు కదా? కొనకండి. ముందు ఇది చదవండి.

నీ-ఓలెసుండ్ చుట్టూ 20 కిలోమీటర్ల మేర రేడియో మౌనం పాటించాలి. 2 నుంచి 32 గిగాహెర్ట్‌జ్‌ల మధ్య ఏదీ ప్రసారం చేయకూడదు. వైఫై కుదరదు, బ్లూటూత్ కుదరదు. బ్లూటూత్ పనిచేసేది 2.4 దగ్గర, అంటే సరిగ్గా ఆ హద్దు లోపల. అక్కడ దిగినవాళ్ళందరూ ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకోవాల్సిందే. వైర్‌లెస్ మౌసు కూడా వాడకూడదు.

కారణం అక్కడి భూమితి వేధశాల, అంటే భూమి ఆకారాన్నీ కదలికల్నీ కొలిచే చోటు. 13 మీటర్ల వ్యాసం ఉన్న యాంటెనాలు రెండు, క్వేసార్లని, అంటే ఎంతో దూరపు గెలాక్సీల నడుమ వెలిగే కేంద్రాలని, వింటుంటాయి. వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి బయల్దేరి ఇక్కడికి చేరేసరికి ఆ సంకేతంలో మిగిలే శక్తి ఎంతో మాటల్లో చెప్పలేను. అదే సంకేతం ప్రపంచంలో వేర్వేరు చోట్ల యాంటెనాలకి ఎంత తేడాతో అందిందో లెక్కగట్టి, భూమి తిరిగే వేగంలో మార్పుల్నీ ఖండాల కదలికల్నీ మిల్లీమీటర్ల దాకా పట్టుకుంటారు. ఉపగ్రహాలతో సముద్రమట్టం కొలవాలన్నా ఆధారం ఈ కొలతలే. మీ జేబులో ఫోను ఆ చెవి పక్కన అరుపు లాంటిది. నేను రేడియో ఇంజనీరుని. భూమ్మీద ఇంత నిశ్శబ్దం కాపాడుకున్న ఊరు ఉందని తెలిసినప్పుడు నాకు చెప్పలేనంత ఆనందం కలిగింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మీరు చేయాల్సింది: బ్లూటూత్ లేని, కేబుల్‌తో డేటా దించుకునే లాగర్లు రాయండి. ప్రసారం తప్పనిసరైతే నార్వే సమాచార నియంత్రణ సంస్థ అనుమతి ముందుగా కావాలి, బ్లూటూత్ సౌకర్యం కోసం దాని వెంట పడొద్దు. కొన్ని లాగర్లు మనం వాడకపోయినా నిమిషానికోసారి ‘ఇక్కడున్నాను’ అని పలుకుతుంటాయి. ఆ పలుకు పూర్తిగా ఆగుతుందా అని తయారీదారుని రాతపూర్వకంగా అడగండి.

కొండవాగు
ఇది నంబరు కంటే ముఖ్యం. బడ్జెట్టు ఇప్పుడే మార్చండి.

ఉత్తరగాలి
తరంగం గారు చెప్పింది అక్షరాలా నిజం. నాది స్వాల్‌బార్డ్‌లో పెద్ద ఊరు లాంగ్‌యియర్‌బీన్ వైపు పని కాబట్టి నాకు ఆ బాధ లేదు, అందుకే చోటు అడిగాను.

ఇంకో మాట. ఈ గ్రాంటు స్వాల్‌బార్డ్‌లో ఫీల్డ్ పని వల్ల అదనంగా పడే ఖర్చుకి ఉద్దేశించింది. నేను విమానం, బస, సామాను రవాణా, భద్రతా సామాను అద్దె మాత్రమే రాశాను. లాగర్ల ధర ఇందులో పడుతుందా లేక గైడు గారి ప్రాజెక్టు డబ్బులోంచి తీయాలా అని ప్రకటనలో ఖర్చుల భాగం చూసుకోండి. పెద్ద ఖర్చు అదేనన్నారు కాబట్టి చెబుతున్నాను.

బాయెల్వాలో జర్మన్‌వాళ్ళు 1998 నుంచి కొలుస్తున్నారు. వాళ్ళ కేబుళ్ళు, గొట్టాలు ఆ నేలలో ఉన్నాయి. ఎవరితో మాట్లాడి ఎక్కడ తవ్వుతారో ఒక పేరా రాస్తే పరిశీలించేవాళ్ళకి నమ్మకం కలుగుతుంది.

వైజాగ్_కెరటం
అమ్మా, ఎలుగుబంట్ల సంగతి? ఊరు దాటితే తుపాకీ ఉండాలంటారు కదా. ఒక్కదానివే వెళ్ళకు.

ఉత్తరగాలి
ఊరు దాటితే ఎలుగుబంటిని బెదిరించి తరమగల సామగ్రి దగ్గర ఉండాలన్నది చట్టం. తుపాకీ అద్దెకి తీసుకోవాలంటే అనుమతి, శిక్షణ ఉండాలి. 2025 జనవరి నుంచి కనీసం 300 మీటర్ల దూరం పాటించాలి, మార్చి 1 నుంచి జూన్ 30 దాకా 500. శిక్షణకి పట్టే రోజులు కూడా మీ తేదీల్లో కలపండి.

పదసంపద
వైజాగ్_కెరటం గారూ, ‘గడ్డనేల’ మీకు నచ్చలేదా? గడ్డకట్టడం మనకి ఇంట్లో మాట. పెరుగు గడ్డకట్టింది అంటాం, నెయ్యి గడ్డకట్టింది అంటాం.

వైజాగ్_కెరటం
గడ్డ అంటే మా వైపు చిన్న యేరు. శ్రీకాకుళం కుర్రాడు గడ్డనేల అని చదివితే యేటి ఒడ్డు నేల అనుకుంటాడు.

పదసంపద
అది నిజమే. అటువైపు ఆలోచించలేదు. ‘చలినేల’ ఉంచుదాం.

నీలిమంచు_22
గైడు గారి పేరుతో పాత ప్రాజెక్టు ఉంది, నంబరు కొడితే గడి తీసుకుంది. లాగర్లు కేబుల్‌వి మార్చి, వాటి ఖర్చు గైడు గారి ప్రాజెక్టు వైపు వేసి, 12:35కి పంపేశాను. జర్మన్‌వాళ్ళ గురించి రెండు వాక్యాలే పట్టాయి. తరంగం గారూ, ఆ పలుకు ఆగుతుందో లేదో కంపెనీకి రాశాను, జవాబు రాలేదు ఇంకా. అందరికీ థ్యాంక్స్, నిద్రపోతాను.

తరంగం
జవాబు వచ్చాక ఇక్కడే పెట్టండి. మోడల్ పేరు చెబితే నేను కూడా చూస్తాను.

వైజాగ్_కెరటం
‘చలినేల’ బాగుంది. కాని వేసవిలో కరిగే ఆ పైపొరని ఏమందాం?