సెమీ ఆటోలో (రక్త పరీక్షల మిషన్) 340 నానోమీటర్ల వెలుగు దగ్గర మాత్రమే రీడింగ్ నిలుస్తలేదు, బోర్డు మార్చాలంటున్నరు

హన్మకొండ ల్యాబ్:
మాది ఫిల్టర్ వీల్ ఉన్న సెమీ ఆటో ఎనలైజర్. ఒకే సీరం మూడుసార్లు పెడితే ఎస్‌జీపీటీ (లివర్ ఎంజైమ్ టెస్టు) 28, 41, 19 వచ్చింది. యూవీ పద్ధతి యూరియా కూడా అట్లనే ఊగుతుంది, రెండూ 340లో చదివేవే. షుగర్, క్రియాటినిన్ మాత్రం కంట్రోల్‌తో (విలువ ముందే తెలిసిన సీరం) సహా సరిగ్గనే వస్తున్నయ్. సీరం 100, రీజెంట్ 1000 మైక్రోలీటర్లు, డిలే 60 సెకన్లు, ఫ్యాక్టర్ (నిమిషం మార్పును గుణించే అంకె) 1746. రీజెంట్ కొత్త లాట్. సర్వీసు వాళ్లు మిషన్ చూడకుండనే ఫోన్ల బోర్డు పోయిందని చెప్పిన్రు. పైసలు పెట్టకముందు మనం ఏమేం చూసుకోవచ్చు?

బయోమెడ్ కాజీపేట:
బోర్డు పోతే చాలావరకు 340 ఒక్కదాన్నే ఏరుకొని పాడుచేయదన్నా. ముందు ల్యాంపును అనుమానించు. హాలోజన్ వెలుగులో 340 వాటా కొత్తగున్నప్పుడే చాలా తక్కువ. ల్యాంపు పాతబడి గాజు లోపల నల్లబడుతుంటే మొదట అల్లాడేది ఆ కొసే. షుగర్ చదివే 505 దగ్గర వెలుగు దండిగ ఉంటది, అక్కడ తెలువది.

రీజెంట్ పక్కన పెట్టి నీళ్లతో చూడు. మిషన్ ఆన్ చేసి 20 నిమిషాలు ఆగు. ఫ్లో సెల్‌లోకి (వెలుగు దాటే చిన్న గది) డిస్టిల్డ్ వాటర్ పీల్చి 340లో జీరో కొట్టు. ఆ నీళ్లు అట్లనే ఉంచి నిమిషానికోసారి ఆబ్జార్బెన్స్ (ఎంత వెలుగు పీల్చుకుందో చెప్పే అంకె) రాసుకో, ఐదు రీడింగులు చాలు. తర్వాత 505లో మళ్లీ అదే పని. నీళ్లలో రియాక్షన్ ఏమీ ఉండదు కాబట్టి కదిలిందంతా మిషన్ కదలికే.

ఎంత కదిలితే తప్పు అంటే, ఫ్యాక్టర్‌తో గుణించి చూడు. నిమిషానికి 0.002 అంటే 3.5 యూనిట్లు, దాన్ని ఓర్చుకోవచ్చు. 0.010 అంటే 17 యూనిట్లు. నీ 19కి 41కి నడుమ ఉన్న 22 యూనిట్లు నిమిషానికి 0.0126 మాత్రమే. 100 మిల్లీగ్రాముల స్టాండర్డ్ 0.300 చదివే షుగర్ కిట్‌లో అంతే కదిలితే తేడా నాలుగు మిల్లీగ్రాములు. అందుకే షుగర్ బాగున్నట్టే కనబడతది.

కెమిస్ట్రీ బెంచ్, కరీంనగర్:
పైపెట్ మీద అనుమానం అక్కర్లేదు. సీరం 10 శాతం ఎక్కువ పడినా 28 కాస్తా 31 దగ్గర ఆగుతుంది, 41 దాకా పోదు.

రీజెంటునూ ఫిల్టరునూ మాత్రం ఒకే పరీక్షతో తేల్చుకోండి. కలిపి పెట్టుకున్న ఎస్‌జీపీటీ రీజెంటును 340లో నీళ్లతో జీరో కొట్టి చదవండి. 1.0 కంటే తక్కువ వస్తే అందులో ఎన్‌ఏడీహెచ్ (340 వెలుగును పీల్చుకునే రసాయనం) చచ్చిపోయింది, పారబోయాల్సిందే. తర్వాత అదే రీజెంటును సమానంగా నీళ్లు కలిపి మళ్లీ చదవండి. విలువ సగం కావాలి. 1.40 చదివింది సగం పలచన చేశాక 0.70 రాకుండా 0.80 వచ్చిందనుకోండి, ఫిల్టర్ పక్కనుంచి వేరే వెలుగు దూరుతోందన్నమాట. అలా దూరే వెలుగు 1 శాతం ఉన్నా, అసలు 2.0 ఉండాల్సిన ఆబ్జార్బెన్స్ 1.70 దగ్గరే ఆగిపోతుంది. 340 ఫిల్టరుకు చెమ్మ తగిలితే అంచుల నుంచి మబ్బులాగా మసక పాకుతుంది, తీసి వెలుతురుకు వాలుగా పట్టుకుంటే కనబడుతుంది.

ఫ్రిజ్‌లోంచి తీసిన రీజెంటును వెంటనే పీలిస్తే ఫ్లో సెల్‌లో వెచ్చబడి సన్న బుడగలు కడుతుంది. కానీ బుడగలైతే 505నూ వదలవు.

హన్మకొండ ల్యాబ్:
చూసిన. నీళ్లతో 340లో: 0.000, 0.006, -0.004, 0.011, 0.002. 505లో: 0.000, 0.000, 0.001, 0.000, 0.001. రీజెంట్ 1.62, సగం చేస్తే 0.81.

కెమిస్ట్రీ బెంచ్, కరీంనగర్:
అయితే ఫిల్టర్, రీజెంట్ రెండూ బాగున్నాయి.

బయోమెడ్ కాజీపేట:
రీడింగ్ ఒకే దిక్కు జారుతలేదు, పైకీ కిందికీ ఎగురుతుంది. జారితే వార్మప్ చాలలేదనో టెంపరేచర్ కుదరలేదనో అనుకుంటం. ఇట్ల ఎగిరితే ల్యాంపు గానీ దాని హోల్డర్ గానీ. హోల్డర్‌ల కాంటాక్ట్ వదులై వోల్టేజీ పిసరంత తగ్గినా 505 కంటే 340 వెలుగు ఎక్కువ పడిపోతది.

ల్యాంపు ఆర్డర్ పెట్టకముందే హోల్డర్ చూడు. ప్లగ్ పీకి ల్యాంపు చల్లారనియ్. పిన్నుల మీద నల్లటి మసి ఉందా, పట్టు వదులైందా చూడు. మసి ఉంటే పిన్నులు సన్న ఎమరీ పేపర్‌తో రుద్దొచ్చు, హోల్డర్ లోపల మాడితే మాత్రం హోల్డరే మార్చాలె. తర్వాత ల్యాంపు వెలుగుతుండగా మల్టీమీటర్‌తో వోల్టేజీ చూడు. ల్యాంపు లేకుండ కొలిస్తే ఎప్పుడూ బాగనే చూపిస్తది, దాన్ని నమ్మకు. వెలుగుతుండగా నిలకడగ ఉండి 340 ఇంకా ఎగురుతుంటే అప్పుడు ల్యాంపు మార్చు.

కొత్తది అదే వోల్టు, అదే వాటు ఉండాలె. మిషన్‌ను బట్టి 6 వోల్టుల 10 వాట్లు, 12 వోల్టుల 20 వాట్లు ఇట్ల ఉంటయ్, పాతదాని మీదున్నది చదివి కొనుక్కో. గాజును వేలితో ముట్టకు, వేలి జిడ్డు వేడికి మాడి అక్కడే మచ్చ పడతది. ముట్టుకుంటే స్పిరిట్ దూదితో తుడిచి ఆరనిచ్చి పెట్టు.

జమ్మికుంట ఎంఎల్‌టీ:
ఒక్క మాట. ఇది మే నెల. మిషన్ బయట పెట్టే డ్రై బ్లాక్ ఇంక్యుబేటర్‌కు (రీజెంట్ వెచ్చబెట్టేది) వేడి చేసుడే తెలుసు, చల్లార్చుడు రాదు. గది 40 ఉంటే అది 37 దగ్గర నిలువదు, ఎస్‌జీపీటీ ఎక్కువ చూపిస్తది. ఏసీ లేని గదిలయితే కైనెటిక్ టెస్టులు (ఎస్‌జీపీటీ లెక్క నిమిషానికెంత మారిందో చూసేవి) పొద్దుగాలే కానియ్యుండ్రి. డిస్టిల్డ్ వాటర్ బదులు ప్లాంట్ క్యాన్ నీళ్లు వాడకుండ్రి, కాల్షియం టెస్టుల దొరికిపోతరు.

హన్మకొండ ల్యాబ్:
హోల్డర్‌ల ఒక పిన్ను పక్కన మాడింది. వోల్టేజీ 11.8 నుంచి 11.1 దాకా ఊగుతుంది.

బయోమెడ్ కాజీపేట:
దొరికింది. హోల్డర్, ల్యాంపు రెండూ మార్చు, మాడిన హోల్డర్‌ల కొత్త ల్యాంపు పెడితే అదీ మాడతది. పెట్టినంక ఫిలమెంట్ వెలుగు ఫ్లో సెల్ కిటికీ నడిమిట్ల పడేటట్టు సరిచేసి, అరగంట వెలగనిచ్చి, నీళ్ల పరీక్ష మళ్లీ చెయ్. తర్వాతే నార్మల్, అబ్నార్మల్ కంట్రోల్స్ రెండూ పెట్టు.