సమస్యాపూరణం: కదలి వెళ్ళిన రైలింక కదలలేదు

ఈ వారం సమస్య బెజవాడ స్టేషన్‌లో పుట్టింది. మా అమ్మాయిని బండెక్కించి, ఆ బండి కనుమరుగయ్యాక కూడా ప్లాట్‌ఫారం మీద అలాగే నిలబడిపోయాను. ఇంటికొచ్చేసరికి పైన పెట్టిన ఈ పాదం నోట్లో ఉంది. ఇది పద్యానికి చివరి పాదం, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి.

ఛందస్సు తేటగీతి. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో కలవాలి. దానికి బదులు ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి కూడా చెల్లుతుంది. విషయం వీడ్కోలు. ఇద్దరి మధ్య తేలకుండా మిగిలిపోయినది ఏదో ఒకటి పద్యంలో ఉండాలి. వెళ్ళిన రైలు కదలకపోవడం ఎలాగో మీరే చెప్పాలి. వచ్చిన పూరణలు ఇవి, పంపినవారి పేరుకి బదులు ఊరో పేటో ఉంది.

బ్రాడీపేట, గుంటూరు:

పెదవి దాటని మాటొక్క టెదను గుచ్చె
చేయి యూపుచు నిలుచుంటి చెమ్మకనుల
నేటికిని నాదు మదిలోన నిలిచియుండె
కదలి వెళ్ళిన రైలింక కదలలేదు

సత్యనారాయణపురం మాస్టారు: మొదటి పాదం బాగుందమ్మా. పెదవి, ఎద అంటూ ‘ద’తో ప్రాసయతి హాయిగా కుదిరింది. మూడో పాదంలో ‘నాదు’ను వ్యాకరణం ఒప్పుకుంటుంది, ‘నా’కు ‘దు’ చేరే దుగాగమం ఉంది. కానీ ఇక్కడ అది గణం నింపడానికే వచ్చింది. ‘నేటికిని గుండె మూలలో నిలిచియుండె’ అని చూడండి. ఇంకో మాట. రైలు మనసులో ఆగిందనడం అందరికీ ముందు తట్టే దారి. మీకు పద్యం నడపడం వచ్చు కాబట్టి ఆ దారి వదిలి రెండో పూరణ ప్రయత్నించండి.

భవానీపురం నుంచి వచ్చిన పూరణలో ‘చేతి సంచిని ఇచ్చి నే మరలినాను’ అన్న పాదంలో గణాలు సరిపోయాయి, యతి తప్పింది. చే, మ కలవవు. ‘చేతి సంచిని నందించి చెంత నిలిచి’ అంటే సరిపోతుంది. సరిచేసి మళ్ళీ పెట్టండి.

తాడేపల్లి:

వంతెనకు ముందె సిగ్నలు పట్టి యాపె
నైదు నిమిషాలు దొరికియు నడుగలేక
ఫోను చేతిలో చెమరించె పొద్దు వాలె
కదలి వెళ్ళిన రైలింక కదలలేదు

ఇది చదివి లేచి నిలబడ్డాను. మన స్టేషన్ నుంచి గుంటూరు, తెనాలి వైపు వెళ్ళే బళ్ళు కృష్ణ దాటాలి. ప్లాట్‌ఫారం వదిలాక వంతెన ముందు సిగ్నల్ కోసం ఆగడం మనందరం చూసిందే. వెళ్ళిన రైలు నిజంగానే ఆగింది! మనసును అడ్డం పెట్టుకోకుండా సమస్య విడిపోయింది. అంతకన్నా నన్ను పట్టుకున్నది ఆ ఐదు నిమిషాలు. అడగడానికి దొరికిన సమయం అడగకుండానే అయిపోయింది.

మాస్టారు: ‘యాపె నైదు’ సంధి ముచ్చటగా ఉంది. సిగ్నలు, ఫోను తెలుగు ముగింపు తెచ్చుకున్నాయి కనుక అభ్యంతరం లేదు. ‘పొద్దు వాలె’ మాత్రం ఫోనుకి యతి కోసం వచ్చినట్టుంది.

తాడేపల్లి: యతి కోసమే వచ్చింది మాస్టారూ. కానీ ఆ వేళ నిజంగానే పొద్దు వాలింది, అందుకే తీసెయ్యలేకపోయాను.

తెనాలి:

కిటికి చువ్వలు పట్టితి గేక రాక
వెనుదిరిగి చూడకయె నీవు వేగిరముగ
జనుల నడుమను మెట్లెక్కి చాటుగాను
కదలి వెళ్ళిన రైలింక కదలలేదు

మాస్టారు: శభాష్! ‘వెళ్ళిన’ను రైలుకి విశేషణం కాకుండా చేశారు. పాత కవిత్వంలో ‘అనిన’ అంటే ‘అనగా’ అయినట్టు, ఇక్కడ ‘వెళ్ళిన’ అంటే ‘వెళ్ళగా’. వెళ్ళింది నీవు, కదలనిది రైలు. ఒక్క దోషం. ‘చాటుగాను’ ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న పదం, దాని తర్వాత వచ్చే ‘క’ సరళమై ‘గ’ అవుతుంది. మిగతా పూరణల్లో అక్కడ వాక్యం ముగిసింది, విరామం ఉంది కనుక నేను పట్టించుకోలేదు. మీ వాక్యం సాగుతోంది, కాబట్టి ‘గదలి’ కావాలి. సమస్యను మార్చకూడదు. మొదటి పాదంలో ‘పట్టితి గేక’ అని సరళం చేసిన మీరు ఇక్కడ వదిలేశారు. ‘జాడ లేక’ అనండి, సరిపోతుంది.

బ్రాడీపేట: నాయిక అంత త్వరగా ఎందుకు వెళ్ళిపోయింది? ఆ కారణం పద్యంలో లేదు కదండీ?

తెనాలి: నాయిక కాదమ్మా, మా అన్నయ్య. ఇల్లు పంచుకున్నప్పుడు మాట పట్టింపు వచ్చి మాటలు ఆగిపోయాయి. నేను ఊరు వదిలి వెళ్తున్నానని ఎవరు చెప్పారో, స్టేషన్‌కి వచ్చాడు. కిటికీలోంచి వాటర్ బాటిల్ ఇచ్చాడు. ఏమీ అనలేదు. నేనూ అనలేదు. బండి కదలకముందే వెళ్ళిపోయాడు. మాస్టారూ, మీ సవరణ వ్యాకరణానికి సరిగ్గా ఉంది, కానీ ‘జాడ లేక’ అని రాయలేను. బండి కదిలాక చూశాను, మెట్ల వంతెన మీద స్తంభం పక్కన అన్నయ్య చొక్కా కనబడింది. జాడ ఉంది. చాటున నిలబడ్డాడు.

ఇది చదివాక ఆ రోజు ఇంకెవరూ పూరణ పెట్టలేదు. మాస్టారు రాత్రి పదకొండింటికి రాశారు.

మాస్టారు: నాయనా, ‘చాటు’ పోకూడదు. ‘వెదకి’ లాంటి క్త్వార్థకం వేస్తే ద్రుతం బాధ ఉండదు. మూడో పాదం ఇలా పెట్టు, యతి జ, చా కలుస్తాయి:

జనుల నడుమను మెట్లెక్కి చాటు వెదకి

తెనాలి: ఇదే మాస్టారూ. ఇదే జరిగింది. పద్యం కాగితం మీద రాసి అన్నయ్యకి పోస్టు చేస్తున్నాను.