రంకె వేసేనా, వేసీనా?

హంద్రి: కాలజ్ఞానంలో యాగంటి బసవన్న మాట, చివర "రంకె వేసేను" అనా, "వేసీని" అనా? వార్‌హామర్ 40,000 ఆటలో రెండు తలల దెయ్యం కైరోస్ ఫేట్‌వీవర్ జోస్యాలను తెలుగు చేస్తున్నాం. రెండు తలలూ ఒకేసారి పలుకుతాయి. ఒకటి చెప్పేది నిజం, ఇంకోటి బొంకు. నిజం తలకు బ్రహ్మంగారి "-ఏను", బొంకు తలకు "-తాడు" పెడదామని.

చిత్రావతి: అట్ల పెడితే గుట్టు రట్టే అన్నా. రెండో జోస్యానికల్లా క్రియ చూసే ఏ తల బొంకుతాందో పట్టేస్తారు. రెంటికీ ఒకే ప్రత్యయం ఉండాల. "కోట నిలిచేను", "కోట కూలేను": తేడా ధాతువులోనే. పైగా కైరోస్‌కు భూతభవిష్యత్తులే గాని వర్తమానం కనపడదు. "-తాడు" రోజూ చేసేదానికీ, రేపు చేసేదానికీ ఒకటే. దాన్ని దగ్గరికి రానీకండి.

పాపఘ్ని: "-ఈని" కూడా అంతే. తాళ్లపాక అన్నమయ్య "వచ్చీని" అంటే వస్తున్నాడనే, కళ్లెదుట. కాబట్టి వేసేను.

రవ్వలకొండ: కైరోస్‌కు కుదిరిందని బ్రహ్మంగారికి అంటగడితే ఎట్లా సార్? పాడే తత్వానికొక రూపం, రాసిన ప్రతికొక రూపం. అన్నట్టు, యాగంటి 2022 నుంచి నంద్యాల జిల్లా.

పాపఘ్ని: జిల్లా ఏదైతేనేం. "-ఏ" అచ్చంగా భవిష్యత్తు కాదు. పిల్లోడు మిద్దె అంచుకు పోతే "పడేవు!" అంటాం. అది జోస్యమా, పడొద్దని చెప్పడమా? మాయోపాయాల దేవుడు జీంచ్ కొలువులోని కైరోస్‌కు కావాల్సింది ఈ మెలికే. హెచ్చరికనుకొని తప్పుకున్నోడే ఉచ్చులో పడతాడు.

హంద్రి: స్టార్‌క్రాఫ్ట్‌ ఆటలో చచ్చిపోయిన వీరుడు టాసడార్ రూపంలో అతని నేస్తం జెరాటుల్‌కు దోవ చూపిన ఔరోస్ కూడా ఈ బాపతేనా?

చిత్రావతి: కాదు. అక్కడ వేషమే అబద్ధం, మాట నిజం. కైరోస్‌ది మాటలోనే మోసం. అసలు మోసగాడు ఆ ఆటలోనే వేషాలు మార్చే నరుడ్, ప్రధాన శత్రువు ఆమన్ బంటు.

పాపఘ్ని: వేషం అబద్ధం, పని నిజం అంటే పోతన వామనుడే. శుక్రుడు జరగబోయేదంతా చెప్పినాడు, బలి నమ్మినాడు, నమ్మే దానమిచ్చినాడు. ఆ తర్వాతే కదా "ఇంతింతై వటుడింతయై మఱియు దానింతై నభోవీధిపై"! పెరిగే బసవన్నకు పద్యం ఒంటిమిట్టలోనే పుట్టింది.

రవ్వలకొండ: పోతన మా ఊరోడే అనే బమ్మెర వాళ్లు చూడనీ, చెప్తారు.

చిత్రావతి: ఒంటిమిట్టో బమ్మెరో తర్వాత తేలుద్దురుగాని, అది "నభోవీథి". థలో చుక్క ఎగరగొట్టినారు.